గోధుమ, పాలు మళ్లీ కంచంలోకి: ఏది ముందు, ఎంత, ఏ రూపంలో

క్లుప్తంగా: గోధుమ, పాలు మానేశాక ఒంట్లో తేలిగ్గా ఉంటే కారణం దొరికిపోయిందని చాలామంది అనుకుంటారు. అప్పటికి తెలిసింది సగమే. ఒక్కోదాన్నీ విడివిడిగా, కొలిచి తిరిగి తిన్నప్పుడే మిగతా సగం బయటపడుతుంది. పాలలో ఇబ్బంది పెట్టేది ఎక్కువగా పాల చక్కెర. అది ‘ఎంత’ అన్న లెక్క. గోధుమలో దోషి చాలాసార్లు గ్లూటెన్ అనే ప్రొటీన్ కాదు, దాని పక్కనే ఉన్న ఫ్రక్టాన్ అనే చక్కెర. అయితే గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు సంగతి తేలకుండా గోధుమ జోలికి వెళ్లకూడదు. ఎలర్జీ ఉన్న పిల్లల మీద ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు.

మూడు నెలలుగా గోధుమ ముట్టని, పాలు తాగని మనిషి ఒక పెళ్లి భోజనంలో రెండు పూరీలు, కాస్త కుర్మా, ఒక గిన్నె రసమలాయి తిన్నారనుకుందాం. ఆ రాత్రంతా కడుపులో గడబిడ. పొద్దున్నే తీర్పు సిద్ధం: ‘గ్లూటెన్ పడదు’. ఆ విస్తరిలో గ్లూటెన్‌తో పాటు గోధుమ ఫ్రక్టాన్, ఉల్లిపాయ ఫ్రక్టాన్, పాల చక్కెర, పాల ప్రొటీన్, రోజూ తినేదానికి రెండింతల నూనె ఉన్నాయి. వాటిలో ఏది కారణమో ఆ రాత్రి చెప్పలేదు. మానేసినవాటిని తిరిగి చేర్చుకోవడంలో జరిగే పొరపాట్లలో సగం ఈ ఒక్క విస్తరిలోనే కనిపిస్తాయి.

తెలుగు ఇళ్లలో ఈ అయోమయానికి ఇంకో కారణం ఉంది. గోధుమ ఇక్కడ పూరీకో బొబ్బట్టుకో పరిమితమైన పండగ సరుకుగానే చాలాకాలం ఉండేది. షుగరు భయంతో రాత్రి అన్నం స్థానంలోకి పుల్కా వచ్చింది. ఆ వెనకే కొర్రలు, జొన్నరొట్టె, ‘గ్లూటెన్ లేనిది’ అన్న ముద్ర వచ్చాయి. ఇరవై ఏళ్లలో ఒకే కుటుంబం గోధుమను మందులా మొదలుపెట్టి, విషంలా మానేసిన సందర్భాలు తక్కువేమీ కాదు.

జంటగా ఎందుకు మానేస్తారు

గ్లూటెన్ ఒక ప్రొటీన్ల గుంపు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉంటుంది. లాక్టోజ్ పాల చక్కెర. రసాయనపరంగా రెండింటికీ చుట్టరికం లేదు. అయినా పొట్టలో రెండూ కలిసే చోటు ఒకటుంది.

చిన్నపేగు లోపలి గోడ మీద వేలిమొనల్లా నిలబడి ఉండే చూషకాలు ఆహారాన్ని పీల్చుకుంటాయి. పాల చక్కెరను విడగొట్టే లాక్టేజ్ ఎంజైము వాటి పైకొసల దగ్గరే ఉంటుంది. సీలియాక్ జబ్బులో గ్లూటెన్ వల్ల ఈ చూషకాలు అరిగి చదునైపోతాయి. పైకొస పోయాక లాక్టేజ్ మిగలదు, కాబట్టి పాలూ పడవు. గ్లూటెన్ పూర్తిగా ఆపితే చూషకాలు మళ్లీ పెరుగుతాయి, పెద్దవాళ్లలో అందుకు ఆరు నెలల నుంచి రెండేళ్లు పట్టవచ్చు. ఆ తర్వాత చాలామందికి పాలు మామూలుగానే అరుగుతాయి. గట్టి విరేచనాల జబ్బు తర్వాత కొన్ని వారాలు పాలు పడకపోవడం వెనకా ఇదే సంగతి ఉంది.

రెండో ముడి, ఫాడ్‌మ్యాప్. చిన్నపేగులో సరిగా అరగని పొట్టి చక్కెరలకు మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో పెట్టిన పేరిది. అవి నీటిని పేగులోకి లాగుతాయి, పెద్దపేగులో బ్యాక్టీరియాకు మేతగా మారి గ్యాస్ పుట్టిస్తాయి. పాల లాక్టోజ్, గోధుమ ఫ్రక్టాన్, ఉల్లి, వెల్లుల్లి, పప్పుల్లోని చక్కెరలు అన్నీ ఈ గుంపులోవే. పేగు సున్నితంగా ఉండే ఐబీఎస్ అనే సమస్య ఉన్న మనిషికి గోధుమ, పాలు రెండూ ఆపితే ఉపశమనం దొరకడంలో వింత లేదు. ఆ ఉపశమనం గ్లూటెన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం మాత్రం కాదు.

మూడో కారణం ప్రచారం. ఆటిజం ఉన్న పిల్లలకు గ్లూటెన్, పాల ప్రొటీన్ రెండూ ఆపేయమనే సలహా తెలుగు తల్లిదండ్రుల మధ్య బాగా తిరుగుతోంది. ఆటిజం ప్రధాన లక్షణాల కోసం ఇలాంటి ఆహార నిషేధాలు వాడొద్దని బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ స్పష్టంగా చెప్పింది.

గోధుమ తినడానికి ముందు తేలాల్సింది

సీలియాక్ పరీక్షలో ఒక చిక్కుంది. గ్లూటెన్ మానేసిన కొద్దీ రక్తంలో ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి, పేగు మానిపోతుంది. అప్పుడు ఆ ప్రతిరక్షకాలను చూసే టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష చేయిస్తే, జబ్బు ఉన్న మనిషికి కూడా ‘లేదు’ అని రావచ్చు. అందుకే పరీక్ష ముందు, మానేయడం తర్వాత. ఆ వరస తప్పినవాళ్లే ఎక్కువ. వాళ్లు పరీక్ష కోసం మళ్లీ గ్లూటెన్ తినాల్సి వస్తుంది.

ఎంత తినాలన్నదానికి లెక్కలున్నాయి. రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటల్లో, కనీసం 6 వారాలపాటు తినాలని నైస్ అంటుంది. రోజుకు 3 గ్రాముల గ్లూటెన్ కనీసం 2 వారాలు, తట్టుకోగలిగితే 8 వారాల దాకా అని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2013లో చెప్పింది. వంటింటి భాషలో చూస్తే, 100 గ్రాముల గోధుమపిండిలో సుమారు 8 నుంచి 9 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. 30 గ్రాముల పిండితో చేసిన పుల్కాలో రెండున్నర గ్రాములు. అంటే పూటకొక పుల్కా చొప్పున రోజుకు రెండు తింటే పరీక్షకు సరిపడా గ్లూటెన్ అందినట్టే. ఆ రక్తపరీక్షతో పాటు, ఐజీఏ అనే రకం ప్రతిరక్షకం ఒంట్లో మొత్తం ఎంత ఉందో కూడా చూడాలి. ఐజీఏ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లలో టీటీజీ ఫలితం మోసం చేస్తుంది.

మళ్లీ తినే ఓపిక లేనివాళ్లకు హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యు పరీక్ష ఉంది. దానికి గ్లూటెన్‌తో పని లేదు. ఆ రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం ఏమీ తేలదు. ఎందుకో 2016లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం చూపిస్తుంది. 23 వేలమందికి పైగా పెద్దవాళ్లను పరీక్షిస్తే, ఆ జన్యువులు ఉత్తరాదిలో 38 శాతం మందిలో, దక్షిణాదిలో 36 శాతం మందిలో కనిపించాయి. తేడా లేనట్టే. సీలియాక్‌ను సూచించే ప్రతిరక్షకాలు మాత్రం ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలో కనిపించాయి. గోధుమ వాడకం ఉత్తరాదిలో రోజుకు సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. జన్యువు ఒకటే, కంచం వేరు. తెలుగువాళ్లలో సీలియాక్ అరుదే గానీ లేకపోలేదు. ఢిల్లీలోనో అమెరికాలోనో స్థిరపడి, రెండు పూటలా గోధుమే తినే కుటుంబానికి ఆ 0.10 శాతాన్ని ధీమాగా అన్వయించుకోవడం సరికాదు.

ఐరన్ మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత, కారణం లేకుండా బరువు తగ్గడం, టైప్ 1 మధుమేహం, రక్తసంబంధీకుల్లో సీలియాక్, ఇవేవైనా ఉంటే పరీక్ష దాటవేయకూడదు. మలంలో రక్తం పడటం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే ఆహార ప్రయోగం పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సీలియాక్ తేలితే తిరిగి చేర్చడమన్న ప్రశ్నే లేదు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇచ్చినా పేగు దెబ్బతిన్నట్టు 2007లో వచ్చిన అధ్యయనం చూపింది. అది ఒక పుల్కాలో యాభయ్యో వంతు. ఇలాంటివాళ్లకు ఇంగువ డబ్బా కూడా ముఖ్యమైన విషయమే. మార్కెట్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి మైదానో గోధుమపిండో కలుపుతారు. గోధుమలు ఆడించిన వెంటనే అదే పిండిమరలో జొన్నలు పోస్తే వచ్చే పిండీ పనికిరాదు. ఫ్రక్టాన్ ఇబ్బంది మాత్రమే ఉన్నవాళ్లు ఈ రెండింటి గురించీ తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఒకే ‘గ్లూటెన్ పడదు’ అన్న మాట ఈ ఇద్దరికీ వాడటం వల్ల ఒకరు అనవసరంగా భయపడతారు, ఇంకొకరు ప్రమాదకరంగా తేలిగ్గా తీసుకుంటారు.

పాలు: పడతాయా అని కాదు, ఎంత పడతాయి అని

ముందు పాలు, తర్వాత గోధుమ అన్న వరస మేలు. పాల విషయంలో జరిగేది స్పష్టం, ఫలితం కొన్ని గంటల్లో తెలుస్తుంది, కొలవడం తేలిక.

తల్లిపాలు మానే వయసు దాటాక లాక్టేజ్ తగ్గిపోవడమే మనుషుల్లో ఎక్కువమందికి సహజం. ప్రపంచ జనాభాలో సుమారు మూడింట రెండొంతుల మందిలో ఇదే పరిస్థితి. పెద్దయ్యాకా లాక్టేజ్‌ను నిలిపి ఉంచే జన్యుమార్పు భారతదేశంలో వాయవ్యాన ఎక్కువగా కనిపిస్తుంది, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి ఆంధ్ర, తెలంగాణల్లో గ్లాసెడు పాలు అరగకపోవడం జబ్బు కాదు.

లాక్టేజ్ వాడకాన్ని బట్టి పెరిగి తరిగే ఎంజైము కాదు. పాలు మానేసినంత మాత్రాన ఉన్నది పోదు, తాగినంత మాత్రాన లేనిది రాదు. మారేది పెద్దపేగులోని బ్యాక్టీరియా. రోజూ కాస్త లాక్టోజ్ అందుతుంటే దాన్ని పెద్దగా గ్యాస్ లేకుండా వాడుకునే రకాలు పెరుగుతాయి. లాక్టేజ్ తక్కువ ఉన్నవాళ్లకు 10 రోజులపాటు పెంచుకుంటూ లాక్టోజ్ ఇచ్చిన ప్రయోగంలో, పేగులో పుట్టే గ్యాస్‌కు గుర్తయిన ఊపిరిలోని హైడ్రోజన్ బాగా తగ్గింది. మేత ఆగిపోతే ఆ సర్దుబాటు చెదిరిపోతుంది. ఆరు నెలల తర్వాత మొదటి గ్లాసు పాలకే పొట్ట పొంగితే ‘ముందుకంటే ముదిరింది’ అనుకునేది అందుకే. ముదిరింది ఏమీ లేదు, అలవాటు పోయిందంతే.

100 మిల్లీలీటర్ల ఆవు పాలలోనైనా గేదె పాలలోనైనా సుమారు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. లాక్టేజ్ తక్కువ ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమంది ఒక విడతలో 12 గ్రాముల దాకా, అంటే 250 మిల్లీలీటర్ల పాలను, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరని 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు తేల్చింది. పాల పదార్థాల మధ్య తేడా ఇక్కడే పనికొస్తుంది. నెయ్యిలో లాక్టోజ్ లేనట్టే. పనీర్ చేసేటప్పుడు విరిగిన నీటితో చాలావరకు పోతుంది. పెరుగులో కొంత చక్కెర తోడు బ్యాక్టీరియాకే ఖర్చవుతుంది. మిగిలినదాన్ని విడగొట్టడానికి ఆ బ్యాక్టీరియా తన సొంత ఎంజైమును మన పేగుదాకా మోసుకొస్తుంది. కాబట్టి పెరుగు, మజ్జిగ పడి పాలు పడకపోవడం భ్రమ కాదు. అదే పెరుగును మరిగించి మజ్జిగ పులుసు చేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఆ సాయమూ పోతుంది. మధ్యాహ్నం పల్చటి మజ్జిగ హాయిగా అరిగి, రాత్రి మజ్జిగ పులుసు ఇబ్బంది పెడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కోవా సంగతి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. లీటరు పాలు 200 గ్రాములకు ఇంకితే నీరే పోతుంది, 50 గ్రాముల దాకా ఉన్న లాక్టోజ్ అంతా అందులోనే ఉంటుంది. 50 గ్రాముల పాలకోవా బిళ్ల అంటే పెద్ద గ్లాసెడు పాలతో సమానం.

ఈ లెక్క ఆధారంగా వరస ఇలా పెట్టుకోవచ్చు. ఇబ్బందులు పూర్తిగా తగ్గి కనీసం 4, 5 రోజులు నిలకడగా ఉన్నాక మొదలుపెట్టాలి. తొలి రెండు రోజులు అన్నంలో రెండు చెంచాల నెయ్యి. ఇది లాక్టోజ్ పరీక్ష కాదు, కొవ్వు వల్ల ఇబ్బంది ఉందేమో చూసుకోవడానికి. తర్వాత మూడు రోజులు భోజనంతో పెరుగు: 50, 100, 200 గ్రాములు. రెండు రోజుల విరామం. ఆపైన పాలు: మొదటి రోజు టిఫిన్‌తో 60 మిల్లీలీటర్లు, రెండో రోజు 125, మూడో రోజు 250. ఖాళీ కడుపుతో వద్దు. ఆహారంతో పాటు వెళ్లిన పాలు పొట్టలోంచి నెమ్మదిగా దిగుతాయి, ఉన్న కొద్ది లాక్టేజ్‌కూ పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది. కాఫీలో కలిపి తాగి పరీక్షించడం దండగ. కాఫీయే పేగును కదిలిస్తుంది.

లాక్టోజ్ ఇబ్బంది అరగంట నుంచి ఆరేడు గంటల్లో బయటపడుతుంది. కాస్త గ్యాస్, పొట్టలో గుడగుడ వచ్చినంత మాత్రాన పరీక్ష ఓడినట్టు కాదు. నొప్పి, నీళ్ల విరేచనాలు వస్తేనే ఆపాలి. 60 దగ్గర హాయిగా ఉండి 250 దగ్గర ఇబ్బంది వస్తే, పరిమితి ఆ మధ్యలో ఎక్కడో ఉంది. ఆ కింది కొలతలోనే రెండు వారాలు రోజూ తాగి, బ్యాక్టీరియా సర్దుకున్నాక మళ్లీ పెంచి చూడవచ్చు.

మొదటి మెట్టులోనే గట్టిగా ఇబ్బంది వస్తే లాక్టోజ్ లేని పాలు సాక్షిగా పనికొస్తాయి. వీటిలో చక్కెరను ముందే విడగొట్టి ఉంచుతారు, ప్రొటీన్ అలాగే ఉంటుంది. ఇవి పడి మామూలు పాలు పడకపోతే దోషి లాక్టోజే. ఇవీ పడకపోతే ప్రొటీన్ మీదో కొవ్వు మీదో అనుమానం వస్తుంది. ఈ పాలు కాస్త తియ్యగా ఉంటాయి కాబట్టి నాలుక పట్టేస్తుంది. రెండు రకాల్లోనూ చక్కెర, ఏలకుల పొడి వేసి, ఏది ఏదో ఇంట్లో ఇంకొకరికి మాత్రమే తెలిసేలా మూడేసి రోజులు తాగితే ఫలితం మీద నమ్మకం పెరుగుతుంది.

ఏ2 పాల గురించి ఒక మాట. ఏ1, ఏ2 అన్నది బీటా కేసిన్ అనే ప్రొటీన్‌లో ఒకచోట ఉండే తేడా. లాక్టోజ్ రెండింటిలోనూ ఒకటే. గేదె పాలు మామూలుగా ఏ2 రకమే. రెట్టింపు ధర పెట్టి కొన్న ఏ2 ఆవు పాలు లాక్టోజ్ సమస్యకు మందు కావు. ఈ ముద్రలు తీసేయాలని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 ఆగస్టులో ఆదేశించి, రోజుల వ్యవధిలోనే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది.

గోధుమలో దోషి ఎవరు

సీలియాక్ లేదు, గోధుమ ఎలర్జీ లేదు, అయినా గోధుమ తింటే బాగుండదు. ఈ గుంపు మీద జరిగిన ప్రయోగాల్లో నార్వేలో 2018లో వచ్చినది గుర్తుంచుకోదగ్గది. తమకు గ్లూటెన్ పడదని మానేసిన 59 మందికి చూడటానికి ఒకేలా ఉండే తినుబండారాలు ఏడేసి రోజులు ఇచ్చారు. ఒకదానిలో 5.7 గ్రాముల గ్లూటెన్, ఒకదానిలో 2.1 గ్రాముల ఫ్రక్టాన్, ఒకదానిలో రెండూ లేవు. ఎక్కువ ఇబ్బంది ఫ్రక్టాన్‌తో వచ్చినవాళ్లు 24 మంది, ఏమీ కలపనిదానితో 22 మంది, గ్లూటెన్‌తో 13 మంది. ఉత్తిదానికే 22 మంది బాధపడ్డారంటే అబద్ధమాడారని కాదు. కీడు జరుగుతుందని ఎదురుచూసే పొట్ట నిజంగానే బిగుసుకుంటుంది.

కాబట్టి గోధుమ పరీక్షను రెండుగా విడదీయాలి. ముందు మామూలు గోధుమ. మూడు రోజులు, రోజుకు ఒకటి, రెండు, నాలుగు పుల్కాలు. పక్కన ఉల్లి, వెల్లుల్లి లేని బంగాళదుంప కూరో క్యారెట్ వేపుడో. పప్పు వద్దు, ఉల్లిపాయ పెరుగుపచ్చడి వద్దు. పుల్కాకు నంజుకునే వాటిలోనే అసలు పేచీ ఉంటుంది: కందిపప్పు, సెనగలు, ఉల్లి అన్నీ ఫాడ్‌మ్యాప్ బరువున్నవే. మూడు రోజుల తర్వాత మరో మూడు రోజులు ఆపి చూడాలి. ఫ్రక్టాన్ ప్రభావం మర్నాటిదాకా సాగవచ్చు.

నాలుగు పుల్కాలూ పడితే కథ ముగిసింది. పడకపోతే రెండో పరీక్ష: గ్లూటెన్ ఒక్కటే. దీనికి మైదా చాలు. 100 గ్రాముల మైదాను గట్టి ముద్దగా కలిపి అరగంట నీళ్లలో నాననివ్వాలి. తర్వాత ఆ నీళ్లలోనే పిసుకుతూ, తెల్లటి నీళ్లు పారబోస్తూ, ఐదారుసార్లు మార్చాలి. నీళ్లు దాదాపు తేటగా వచ్చేసరికి చేతిలో రబ్బరులా సాగే 25, 30 గ్రాముల ముద్ద మిగులుతుంది. పిండిపదార్థం కొట్టుకుపోతుంది. ఫ్రక్టాన్ నీటిలో కరుగుతుంది కాబట్టి అదీ చాలావరకు పోతుంది. మిగిలిన తడి ముద్దలో గ్లూటెన్ ఎనిమిది గ్రాముల దాకా ఉంటుంది. సీలియాక్ కాని గ్లూటెన్ సమస్యను తేల్చడానికి ఇటలీలోని సలెర్నోలో సమావేశమైన నిపుణుల ప్రమాణాలు వాడమన్న కొలత కూడా రోజుకు 8 గ్రాములే. ముద్దను 20, 30 నిమిషాలు ఉడికించి, ముక్కలు కోసి, ఉప్పు, పసుపు, మిరియాల పొడితో వేయించుకుని మూడు రోజులు తినాలి. పిసికేటప్పుడు ముద్ద చెదిరి నీళ్లలో కలిసిపోతుంటే పిండి సరిగా నానలేదని అర్థం.

గ్లూటెన్ ముద్ద పడి పుల్కా పడకపోతే దోషి ఫ్రక్టాన్. అప్పుడు గ్లూటెన్ లేని ఖరీదైన బిస్కెట్ల కంటే ఉల్లి, వెల్లుల్లి తగ్గించడం ఎక్కువ మేలు చేస్తుంది. వెల్లుల్లి రుచి వదులుకోలేనివాళ్లకు ఒక దారి ఉంది. ఫ్రక్టాన్ నూనెలో కరగదు. రెబ్బలను నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతో పోపు పెడితే వాసన మిగులుతుంది, ఫ్రక్టాన్ రాదు. రెబ్బలు చారులో మరిగితే మాత్రం నీటిలోకి దిగుతుంది.

గోధుమ తిన్న నిమిషాల్లో, లేదా రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది ఎలర్జీ. కొందరికి గోధుమ తిని వెంటనే పరుగో వ్యాయామమో చేస్తేనే వస్తుంది. ఊపిరి ఆడకపోతే వేచి చూడకుండా అత్యవసర వైద్యానికి వెళ్లాలి. మర్నాడు మళ్లీ ‘కొంచెం తిని చూద్దాం’ అనుకునే సందర్భం కాదిది.

ఎక్కడ తప్పుతుంది

మొదటిది, రెండూ ఒకే ముక్కలో ఉండటం. ఉస్మానియా బిస్కెట్టును ఇరానీ చాయ్‌లో ముంచి తింటే మైదా, పాలు రెండు పరీక్షలూ ఒకేసారి రాసినట్టు. మైసూరు బజ్జీ మైదాను పుల్లటి పెరుగులో కలిపి చేసేది. బొబ్బట్టులో పైపొర మైదా, లోపల సెనగపప్పు పూర్ణం. కడుపు ఉబ్బితే రెండోదాని మీద అనుమానం ఎవరికీ రాదు. హలీంలో గోధుమ ఉంటుందన్నది చాలామంది మర్చిపోతారు.

‘రవ్వ’ అన్న మాట ఇంకో వల. ఇడ్లీ రవ్వ బియ్యానిది. ఉప్మా రవ్వ, అంటే బొంబాయి రవ్వ, గోధుమది. రవ్వ దోసెలో మైదా కూడా పడుతుంది. హోటల్లో మంచూరియాకు మైదా పూత, దాని మీద గోధుమ ఉండే సోయా సాస్. గ్లూటెన్ మానేశానని చెప్పి రోజూ పొద్దున్నే ఉప్మా తినేవాళ్లు నిజంగా ఉంటారు. వాళ్లు మానిందే లేదు, తిరిగి చేర్చేదీ లేదు.

రోజు ఎంపికా ముఖ్యమే. యాంటీబయాటిక్స్ వాడుతున్న వారం, నెలసరి రోజులు, ప్రయాణం, పరీక్షల ఒత్తిడి, సంక్రాంతి నాలుగు రోజులు ఇందుకు పనికిరావు. చిన్న నోటు పుస్తకంలో తిన్న వేళ, గ్రాములు, ఇబ్బంది మొదలైన వేళ, నిద్ర రాసుకుంటే చాలు. ‘బాగాలేదు’ అని కాకుండా సున్నా నుంచి పది వరకు అంకె వేస్తే పోల్చడం తేలిక. ఒకటి నెగ్గాక దాన్ని రోజువారీ తిండిలో వెంటనే కలిపేయకూడదు. అన్ని పరీక్షలూ అయ్యేదాకా పక్కన ఉంచాలి. లేకపోతే చిన్న చిన్న ఫాడ్‌మ్యాప్‌లు కూడి, తర్వాతిదాని మీద నింద పడుతుంది.

నగరాల్లో అమ్ముడయ్యే ‘వంద ఆహారాల ఐజీజీ’ రక్తపరీక్షలు ఈ శ్రమకు అడ్డదారిలా కనిపిస్తాయి. ఐజీజీ మరో రకం ప్రతిరక్షకం, ఐజీజీ4 అందులో ఒక ఉపరకం. ఐజీజీ4 ఉండటమంటే ఒళ్లు ఆ ఆహారాన్ని ఎరిగి ఉందని, ఎలర్జీ కాదని యూరప్ ఎలర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది. రోజూ తినేవాటికే ఎక్కువ ఐజీజీ కనిపిస్తుంది. అందుకే ఆ రిపోర్టులు ఇంట్లో ఎక్కువగా వాడే సరుకులనే ఎర్రరంగులో చూపుతుంటాయి.

చిన్నపిల్లల విషయంలో

పాల ప్రొటీన్ ఎలర్జీ ఉన్న పసివాళ్లకు పై కొలతలేవీ వర్తించవు. ఇక్కడ సమస్య చక్కెరతో కాదు, రోగనిరోధక వ్యవస్థతో. కాబట్టి లాక్టోజ్ లేని పాలు, ఏ2 పాలు, మేకపాలు పరిష్కారం కావు. తిన్న వెంటనే దద్దుర్లు, వాపు వచ్చిన పిల్లలకు తిరిగి ఇచ్చి చూడటం ఆసుపత్రిలోనే జరగాలి. ఒకటి నుంచి నాలుగు గంటల్లో పదేపదే వాంతులై పిల్ల వాడిపోయే రకం ఎలర్జీకీ అదే నియమం.

ఆలస్యంగా, తేలికగా వచ్చే రకానికి డాక్టరు సలహాతో ‘పాల నిచ్చెన’ వాడతారు. అడుగుమెట్టు పాలు కొద్దిగా కలిసిన, బాగా కాలిన బిస్కెట్టు. ఆపైన కేకు, పాన్‌కేక్, చీజ్, పెరుగు, చివరి మెట్టు పచ్చి పాలు కాదు, మామూలుగా కాచిన పాలు. ఓవెన్ వేడికి పాల ప్రొటీన్ ఆకారం మారుతుంది, గోధుమపిండితో పెనవేసుకుంటుంది. అందుకే పాల ఎలర్జీ ఉన్న పిల్లల్లో నాలుగింట మూడొంతులకు దగ్గరగా కేకులోని పాలను తట్టుకోగలరు. పొయ్యి మీద పాలు ఎంతసేపు కాచినా ఇదే ఫలితం రాదు, గోధుమపిండి తోడు లేదు కదా. గోధుమ కూడా ఆపిన పిల్లకు ఈ నిచ్చెన మొదటి మెట్టులోనే విరిగిపోతుంది. అలాంటప్పుడు ముందు గోధుమ సంగతి తేల్చుకుని పాలకు రావాలి.

ఎగ్జిమాకు (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) పాలే కారణమన్న అనుమానంతో వాటిని నెలల తరబడి ఆపిన పిల్లల్లో, తిరిగి ఇచ్చినప్పుడు అంతకుముందు లేని తక్షణ ఎలర్జీ కనిపించిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకే నిర్ధారణ కోసం పాలు ఆపితే 2 నుంచి 4 వారాలకు మించి లాగకుండా తిరిగి ఇచ్చి చూడమంటారు.

ఫలితం వచ్చాక

ఎక్కువమందికి తేలేది ‘పడదు’ అని కాదు, ‘ఇంతవరకు పడుతుంది’ అని. 125 మిల్లీలీటర్ల పాలు, రెండు పుల్కాలు, ఉల్లి లేని కూర లాంటి ఒక కొలత దొరుకుతుంది. ఆ కొలత స్థిరమైనది కాదు. ఆరు వారాలకో, మూడు నెలలకో ఓడినదాన్ని సగం మోతాదుతో మళ్లీ చూడాలి.

పాలు నిజంగానే పడనివాళ్లకు కాల్షియం లెక్క మిగులుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లో ఉంది. 250 మిల్లీలీటర్ల పాలతో 300 దాకా వస్తుంది. 100 గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది గానీ, ఒక పూట సంకటికి అంత పిండి పట్టదు. పెరుగు పడితే రోజుకు 200 గ్రాములు, రాగులు, నువ్వులు కలిపి ఆ లోటు చాలావరకు పూడుతుంది. పెరుగూ పడనివాళ్లు కాల్షియం మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడుకోవాలి.